గూళ్ళు ఖాళీ అన్నాను

కొంగ గూటిని కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు. నాలుగు ఎండుపుల్లలు అడ్డదిడ్డంగా పడేసినట్టు ఉంటుంది. పుల్లల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. అందులో గుడ్లున్నాయో, పిల్లలున్నాయో, అసలేమీ లేదో తెలియాలంటే మనిషి గూటి ఎత్తుకు వెళ్ళాలి. ఛత్రినాక వెనక గల్లీల్లో ఆ ఎత్తుకు రోజూ వెళ్ళే పని నాది. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ కరెంటు లైన్‌మన్‌గా ఉన్నాను. అందుకే ఆ రోజు అందరూ నా మాట నమ్మారు.

మా సెక్షన్‌లో ఒక పాత చింతచెట్టు ఉంది. మొదలు ఒక అవ్వ వాకిట్లో, సగం కొమ్మలు గల్లీ మీద. గోడ పక్కనే మా స్తంభం, దాని మీద హైటెన్షన్ లైను. మొదటి వానలు పడగానే కొంగలు ఆ చెట్టుకు వచ్చేవి. ఎక్కువగా గుడ్డికొంగలు, కొన్ని తెల్లకొంగలు. నయాపూల్ కింద మూసీ నుంచి, ఫలక్‌నుమా అవతలి కుంటల నుంచి చేపలు, కప్పలు తెచ్చుకునేవి. మామూలు రోజుల్లో గుడ్డికొంగ మురికినాలా గట్టున మట్టిలో మట్టిలా కూర్చుంటుంది, పక్క నుంచి నడిచినా కనబడదు. గూడు కట్టే రోజుల్లో మాత్రం దాని వీపు నానబెట్టిన చింతపండు రంగుకు తిరుగుతుంది. మగది పుల్ల తెస్తుంది. ఆడది అందుకుని, అటూ ఇటూ తిప్పి, ఎక్కడ దూర్చాలో చూసుకుంటుంది. దూరం పోవడానికి బద్ధకమైతే మగది పక్క గూట్లోంచే ఒక పుల్ల పీకుతుంది. అక్కడ లొల్లి మొదలవుతుంది. ఒక ఏడాది మూడు గూళ్ళలో, నేను స్తంభం మీద నుంచి కింద పడేసిన బైండింగ్ వైరు ముక్కలు చూశాను. ఆ రోజంతా నాకు ఏదో ఇనాం దొరికినట్టు ఉంది.

సబ్‌స్టేషన్ వాళ్ళు కరెంటు ఆపి పని చేసుకోమని అనుమతి ఇవ్వడాన్ని మేము లైన్ క్లియర్ అంటాం. అది వచ్చేదాకా స్తంభం దగ్గర ఊరికే కూర్చోవాలి. వచ్చాక పని అయిపోయినా గడువు మిగులుతుంది. ఆ ఖాళీ సమయాల్లో గూళ్ళు లెక్కపెట్టడం అలవాటైంది. జేబులో చిన్న డైరీ పెట్టుకున్నాను. ఎన్ని గూళ్ళు, ఎన్నిట్లో గుడ్లు, ఎన్నిట్లో పిల్లలు. గుడ్లు లేత నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటాయి. పాతబస్తీలో పాత ఇళ్ళ గోడలకు వేసే సున్నం రంగు. తర్వాత ఎప్పుడో ఒక కాలేజీ వాళ్ళు దుర్భిణీలతో వచ్చి, చెట్టు కింద మెడలు నొప్పి పుట్టేలా నిలబడి లెక్కవేస్తుంటే, నేను డైరీ తీసి చదివాను. వాళ్ళు నోట్ బుక్కులు మూసేసి నా లెక్కే రాసుకున్నారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ వానలు తగ్గాక ఫోన్ చేసి నా దగ్గర అంకెలు తీసుకునేవారు. గల్లీలో నాకు కొంగల సార్ అని పేరు పడింది. ఎవరైనా అలా పిలిస్తే పైకి విసుక్కునేవాణ్ణి. పిలవకపోతే బాధపడేవాణ్ణి.

ఆ కొంగలతో నిజంగా కాపురం చేసింది మాత్రం అవ్వ. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఒక్కతే ఉండేది. ఇంకా తెల్ల చీరలే కట్టేది. జూన్ నుంచి అక్టోబరు దాకా తన వాకిట్లో తాను నల్లగొడుగు వేసుకుని తిరిగేది. నల్లా దగ్గరికి గొడుగు, పొయ్యి కట్టెలకు గొడుగు. బట్టలు ఇంట్లోనే తాడు కట్టి ఆరేసుకునేది. పొద్దున్నే వాకిలి కడుగుతూ పైకి చూసి తిట్టేది.

"మీ గలీజు పాడుగాను. తినుడు మూసీల, ఏరుగుడు నా నెత్తి మీదనా. ఆసుపత్రిల ముప్పై ఏండ్లు ఎత్తిపోసిన, ఇంకా నా నొసట గిదే రాసిండా దేవుడు."

నేను స్తంభం మీద ఉంటే నాకూ వాటా దొరికేది. "ఏం లైన్‌మన్, లెక్క కుదిరిందా? మీ సుట్టాలకు బియ్యం కార్డు గిట్ల ఇప్పియ్యరాదు. నా రేషన్‌లకెల్లి పంచుతున్నట్టుంది."

ఆమెకు కొంగలంటే అసహ్యం అని నేను అనుకున్నాను. తర్వాత నా తప్పుకు దీన్ని కూడా ఒక సాకుగా వాడుకున్నాను.

లైనుకు తగిలే కొమ్మల్ని వానలకు ముందే కొట్టించాలి. ఆ చెట్టుకు మాలో మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. నాతో కొమ్మలు కొట్టడానికి వచ్చే మనిషి ఒకాయన ఉండేవాడు. ఫలక్‌నుమా రైల్వే లైను పక్కన ఉంటాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. చెట్టెక్కే ముందు మొదలు మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం నిలబడేవాడు. వాళ్ళ నాయన నేర్పిన పద్ధతి. గుడ్లో పిల్లలో ఉన్న కొమ్మ మీద రంపం పెట్టడు, అది కూడా నాయన చెప్పిందే. అందుకని మే నెలలో మా సెక్షన్ మొత్తంలో ముందు ఆ చింతచెట్టు. ఒక్క వాన పడిందంటే ఇక చెట్టు కొంగలది, ఆకు కూడా ముట్టం.

ఆ ఏడు మే నెలలో నేను ఆ పని చేయించలేదు. పెళ్ళిళ్ళ రోజులు. ఫంక్షన్ హాళ్ళలో లైటింగు పనులు ఒప్పుకుని, డ్యూటీ ఎగ్గొట్టి అటు పోయేవాణ్ణి. రేపు కొట్టిద్దాం, ఎల్లుండి కొట్టిద్దాం అనుకుంటూ ఉన్నాను. నెలాఖరున ఆఫీసులో రిజిస్టరు అడిగారు. చింతచెట్టు అన్న పేరుకు ఎదురుగా కొమ్మలు కొట్టడమైనది అని రాసి సంతకం పెట్టాను. జూన్ మొదట్లో ఎలాగూ కొట్టిస్తాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. జూన్ మొదటి వారంలోనే వాన పడింది. నాలుగు రోజుల్లో కొంగలు వచ్చాయి.

ఆషాఢంలో బోనాలు. మా గల్లీ నుంచి అమ్మవారికి తొట్టెల తీసుకుపోతారు. వెదురు బద్దలతో గోపురంలా కట్టి, రంగు కాగితాలు అతికించి, మనుషులు ఎత్తుకుని నడుస్తారు. ప్రతి ఏడూ పక్క గల్లీ వాళ్ళ కంటే మాది మూరెడు ఎత్తు ఉండాలి. తీగలు అడ్డం వచ్చినచోట తొట్టెలను పక్కకు వంచి దాటించడం మామూలు. ఆ ఏడు కమిటీ పెద్ద, టెంట్‌హౌస్ నడిపే మనిషి, వంచేది లేదన్నాడు. పండుగకు ముందు బుధవారం నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మన తొట్టెల ఈసారి నిటారుగ పోవాలె. చింతచెట్టు కొమ్మ అడ్డమొస్తుంది. మొన్న మే ల కొట్టలేదా?"

"కొట్టినం. మళ్ళ పెరిగింది" అన్నాను.

"గంత పెరిగిందా రెండు నెలలకే? సరే తియ్, రేపు కొట్టియ్యి. లేకుంటే నేను పెద్దసారుకే ఫోన్ చేస్తా. గిన్నిసార్లు నిన్ను అడుగుడెందుకు."

మా ఆఫీసు పెద్దసారు వస్తే కొమ్మ చూస్తాడు. ముంజేయి లావున్న కొమ్మ రెండు నెలల్లో పెరగదని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. రిజిస్టరు తీస్తాడు. నా సంతకం ఉంటుంది. నా ఆలోచన అంతటితో ఆగింది. దాని పైన ఉన్న గూళ్ళదాకా పోలేదు. పోనివ్వలేదు అనడం నిజం.

గురువారం పొద్దున నేను ముందుగా వెళ్ళాను. చెట్టు కింద సగం పగిలిన పెంకులు పడి ఉన్నాయి, సున్నం రంగువి. పిల్లలు బయటికి వచ్చాక పెద్ద కొంగలు పెంకుల్ని గూటి నుంచి తోసేస్తాయి. కింద పెంకు ఉందంటే పైన పిల్ల ఉన్నట్టే. ఈ సంగతి ఆ గల్లీలో తెలిసింది నాకొక్కడికే. పెంకుల్ని కాలితో మట్టిలోకి తొక్కాను. ఒకటి ఎందుకో తొక్కబుద్ధి కాలేదు. తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

కొమ్మలు కొట్టే ఆయన వచ్చాడు. మొదలు మీద చెయ్యి పెట్టాడు. తలెత్తి చాలాసేపు చూశాడు. పదిన్నర దాటింది, పెద్ద కొంగలు చాలామటుకు వేటకు పోయాయి. అక్కడక్కడ రెండు మూడు కూర్చుని ఉన్నాయి.

"అన్నా, గూళ్ళున్నయి. జులైల కొట్టుడేంది? మనం ఎన్నడు కొట్టలే."

"పోయినేడువి. ఖాళీ."

"గా కొంగలు?"

"ఊకె కూసున్నయి. పాత గూళ్ళ మీద కూసుంటయి గట్ల. నేను పొద్దుగాలనే ఎక్కి చూసిన. గూళ్ళు ఖాళీ."

ఎక్కలేదు. చూడలేదు. చూడకుండానే నాకు తెలుసు.

"నువ్వు చూసినవు గదా, ఇంకేంది" అని అతను నడుముకు తాడు కట్టుకున్నాడు. లైన్ క్లియర్ వచ్చింది. ఒంటిగంట దాకా గడువు.

కొమ్మ విరిగి పడినప్పుడు పెద్ద చప్పుడైంది. ఆ తర్వాత ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు ఆకుల్లోంచి సన్నగా కిచకిచలు మొదలయ్యాయి. ఒకచోట కాదు, కొమ్మ పొడుగునా. నేను ఆకులు తొలగించాను. కొన్ని అప్పటికే చచ్చిపోయాయి. బతికినవి నెత్తి మీద పీచు వెంట్రుకలతో, ఒంటికి మించిన ముక్కులతో, ముసలివాళ్ళ మొహాల్లా ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే భయంతో మింగిన చేపలు కక్కాయి. ఇంకా అరగని చిన్న చిన్న చేపలు నా చేతుల నిండా. వంగినప్పుడు జేబులోంచి ఏదో జారినట్టు అనిపించింది. పట్టించుకోలేదు.

అతను చెట్టు దిగి నా ఎదురుగా నిలబడ్డాడు. రంపం తీసుకుని గోడ అవతలికి పోయి కూర్చున్నాడు.

అవ్వ గొడుగు వేసుకుని బయటికి వచ్చింది. వచ్చి చూసి గొడుగు కింద పడేసింది.

"ఎవడు కొట్టమన్నడురా? ఎవని చెయ్యి గది?"

నేను ఆకులు తొలగిస్తూనే ఉన్నాను. ఆమె చూపు గోడ అవతలికి, రంపం పట్టుకున్న మనిషి మీదికి పోయింది. ఇక తిట్లు మొదలయ్యాయి. ఎన్నో ఏళ్ళుగా ఆమె తిట్లు విన్నాను. వాటిలో నవ్వు ఉండేదని ఆ రోజు తెలిసింది. ఈ తిట్లలో అది లేదు. అతని పిల్లల్ని, చేతుల్ని, పుట్టుకను తిట్టింది. అతను తల ఎత్తలేదు. ఒక్క మాట చాలు. నేను కొట్టమన్నాను అవ్వా, అంటే చాలు. ఆ మాట నా గొంతు దాకా కూడా రాలేదు.

"అవ్వా, గంపలున్నయా?" అన్నాను.

నేల మీద పడ్డ పిల్లకు పెద్ద కొంగ మేత పెట్టదు. చెట్టు మీద, గూటిలాంటి దానిలో ఉంటేనే పెడుతుంది, అది కూడా దాని మనసును బట్టి. అవ్వ ఇంట్లోంచి రెండు వెదురుగంపలు, పక్కింటి నుంచి ఇంకో రెండు తెచ్చింది. వాకిట్లో కూర్చుని గొడుగు నీడలో ఒక్కొక్క పిల్లనూ కొంగుతో తుడిచి గంపల్లో పెట్టింది. ఇరవై మూడు బతికి ఉన్నాయి. ఆసుపత్రిలో పసిపిల్లల్ని ఎత్తినట్టే మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తేది.

"గట్ల పట్టుకోకు, మెడ నిలువలేదింకా. నీకు లెక్కలే వస్తయి లైన్‌మన్, పిల్లల్ని పట్టుడు రాదు."

మిగిలిన కొమ్మలకు గంపలు కట్టాలంటే లైను పక్కగా పోవాలి. కరెంటు ఆగి ఉన్నంతసేపే ఆ వీలు. రెండు గంపలు కట్టేసరికి ఒంటిగంటకు పది నిమిషాలు. సబ్‌స్టేషన్ నుంచి ఫోన్. గల్లీ వాళ్ళు కింద నుంచి అరుస్తున్నారు, పండుగ బట్టల కుట్టుమిషన్లు ఆగిపోయాయని, నీళ్ళ మోటార్లు ఆగిపోయాయని. తీగల్ని కలిపే జంపర్ కాలింది, ఇంకో అరగంట కావాలని ఫోన్లో అబద్ధం చెప్పాను. చేపల జిగురుకు చేతులు జారి బైండింగ్ వైరు మెలి పడలేదు. పళ్ళతో లాగి కట్టాను. నాలుగో గంప కట్టి దిగేసరికి చొక్కా మొత్తం చేపల వాసన.

సాయంత్రం దాకా అవ్వ వాకిట్లో కూర్చున్నాం. పెద్ద కొంగలు తిరిగొచ్చి, కొమ్మ లేని చోట గాలిలో చుట్టూ తిరిగాయి. కొన్ని పక్కింటి ట్యాంకు మీద వాలాయి. గంపల దగ్గరికి ఒక్కటీ రాలేదు.

"వస్తయా?" అంది అవ్వ.

"రావాలె."

"నీకు ఎరుకేనా, ఊకె అంటున్నవా?"

"ఊకె అంటున్న అవ్వా."

ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

పొద్దు గుంకుతుండగా ఒక గుడ్డికొంగ గంప అంచు మీద వాలింది. మెడ ముడుచుకుని ఎటూ కాకుండా కూర్చుంది. లోపలి నుంచి ఒక పిల్ల లేచి దాని ముక్కును అడ్డంగా కరిచి కిందికి లాగింది. మేత అడిగే పద్ధతి అది. కొంగ కక్కింది. అవ్వ నా మోచేయి పట్టుకుంది. శుక్రవారం ఇంకొన్ని వచ్చాయి. శనివారానికి మూడు గంపల దగ్గర రాకపోకలు మొదలయ్యాయి. ఇంకో రెండు వారాలు నిలబడితే పిల్లలు కొమ్మల మీదికి ఎక్కుతాయి. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం, పండుగ రోజు.

ఆదివారం సాయంత్రం తొట్టెల వచ్చింది. ముందు డప్పులు, వెనక డీజే బండి, కాగితాలు పేల్చే గొట్టాలు. చెట్టుకు ఇరవై అడుగుల ముందు నేను కమిటీ పెద్దకు ఎదురుపోయాను.

"అన్నా, ఈ చెట్టు దాటేదాక ఒక్క ఐదు నిమిషాలు డీజే బంద్ పెట్టు. గొట్టాలు పేల్చకుండ్రి."

"ఎందుకు?"

"పైన కొంగలున్నయి."

అతను నవ్వాడు. "గూళ్ళు ఖాళీ అని నువ్వే అన్నవట గదా. ఖాళీ గూళ్ళకు గింత ఫికరేందన్నా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గంపల్లో ఏముందో కింద నుంచి వాళ్ళకు కనిపించదు. వాళ్ళ వెనక, గుంపులో, కొమ్మలు కొట్టే ఆయన నిలబడి ఉన్నాడు. నా మొహంలోకి చూస్తున్నాడు. నేను అబద్ధమాడిన, పిల్లలున్నయి, తెలిసే కొట్టించిన అంటే ఆ మనుషులు డీజే ఆపేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అమ్మవారి పండుగ రోజు పిల్లల్ని చంపుకునేవాళ్ళు కారు. కాని ఆ మాట సోమవారం ఆఫీసుకు చేరేది. నేను కూడా నవ్వినట్టు మొహం పెట్టి పక్కకు జరిగాను.

చెట్టు కిందికి రాగానే తొట్టెల ఆగింది. నిటారుగా దాటించినందుకు సంబరం. గొట్టాలన్నీ ఒక్కసారే పేల్చారు. కొంగలన్నీ లేచాయి. కొమ్మలు, గంపలు, మిగిలిన గూళ్ళు, అన్నిటి మీద నుంచీ. గల్లీ మీద ఒకసారి తిరిగి నయాపూల్ వైపు పోయాయి. రంగు కాగితాలు చాలాసేపు పడుతూ ఉన్నాయి. తొట్టెల కొనకూ, కొట్టేసిన కొమ్మ మొండేనికీ మధ్య మనిషి నిలబడేంత సందు ఉంది. ఎప్పటిలాగా కొద్దిగా వంచితే ఆ కొమ్మ కిందనుంచే పోయేది.

సోమవారం రెండు కొంగలు వచ్చాయి. మంగళవారం ఒకటి. గంపలు ఎండకు ఉన్నాయి. నేను మూసీ దగ్గర చిన్న చేపలు కొనుక్కొచ్చి, ముక్కలు చేసి, లైన్ క్లియర్ కోసం ఏవేవో పనులు పుట్టించుకుని పైకెక్కి నోట్లో పెట్టాను. కొన్ని మింగాయి. చాలా వాటికి నోరు తెరిచే బలం లేదు. కాకులు వచ్చాయి, తర్వాత గద్దలు. శుక్రవారం గంపలు దించాను. అవ్వ వాటిని తీసుకోలేదు. "నా ఇంట్ల పెట్టకు" అంది.

కాలేజీ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు ఈ ఏడు లెక్క తక్కువ, వానలు సరిగా లేవు అని చెప్పాను. వాళ్ళు అదే రాసుకున్నారు.

మరుసటి ఏడు మే నెలలో ఆ చెట్టు దగ్గరికే ముందు వెళ్ళాను. అతను రాలేదు, వేరే మనిషిని పంపారు. ఆ గల్లీలో అడుగు పెడితే అవ్వ తిట్లు, ఆమెను చూసి పిల్లలు అనే మాటలు పడలేక ఆ వైపు పనులు మానుకున్నాడని తెలిసింది. జూన్ వచ్చింది, వాన పడింది. నేను రోజూ స్తంభం ఎక్కాను. డైరీలో సున్నా రాశాను. వారం తర్వాత మళ్ళీ సున్నా. సెలవు పెట్టి నయాపూల్ దగ్గర చెట్లన్నీ చూశాను. కోర్టు వైపు ఒక చెట్టు మీద కొన్ని గుడ్డికొంగలు కొత్తగా గూళ్ళు కట్టాయి. అవి మావేనా? ఎవరు చెప్పగలరు. గూళ్ళలో నా వైరు ముక్క ఏదైనా మెరుస్తుందేమోనని మెడ నొప్పి పుట్టేదాకా కింద నిలబడ్డాను. కింద నుంచి ఏమీ తెలియలేదు.

అక్కడి నుంచి నేరుగా ఫలక్‌నుమా పోయాను. అతను ఇంటి ముందు రంపం పళ్ళకు పదును పెడుతున్నాడు. నేను నిలబడే చెప్పాను. రిజిస్టరు సంగతి, పెంకుల సంగతి, ఎక్కి చూడలేదన్న సంగతి.

అతను రంపం పక్కన పెట్టలేదు. "నువ్వు వంగినప్పుడు నీ జేబుల నుంచి పెంకు పడ్డది. చూసిన. అడుగుదామనుకున్న."

"అడిగితే అయిపోవు గదా."

"అడిగితే మళ్ళ అబద్ధమాడుతవు. గది చూడబుద్ధి కాలే." ఇంకో పన్నుకు పదును పెట్టి అన్నాడు. "నాతోని చెప్తే ఏమొస్తది? తిట్టినామెతోని చెప్పు. నా ముంగట చెప్పు."

ఆ సాయంత్రమే ఇద్దరం అవ్వ వాకిట్లో నిలబడ్డాం. అతన్ని చూడగానే ఆమె నోరు తెరిచింది. నేను అడ్డం పడి మొత్తం చెప్పాను. అయిపోయాక అతనితో అంది.

"గంతగనం తిట్టిన. నీ పిల్లలను కూడ తిట్టిన. ఒక్క మాటన్న అనకపోతివి, ఏం మనిషివిరా నువ్వు. కూసో, చాయ్ పెడ్త."

అతను కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

మర్నాడు ఆఫీసులో రిజిస్టరు సంగతి రాసిచ్చాను. దానికి తగ్గ శిక్ష పడింది, అది చెప్పుకోదగ్గది కాదు. కాలేజీ వాళ్ళకు ఫోన్ చేసి వానల మాట కొట్టేయమన్నాను. తర్వాత నా దగ్గర లెక్క అడగడం మానేశారు. అదీ న్యాయమే.

ఇప్పుడు కూడా ఆ సెక్షన్ నాదే. అవ్వ గల్లీలో అందర్నీ తిడుతుంది. నీళ్ళవాణ్ణి, చెత్తబండివాణ్ణి, కమిటీ పెద్దను. చాయ్ తాగడానికి వచ్చే కొమ్మలు కొట్టే ఆయన్ను కూడా, పాత నవ్వు కలిసిన తిట్టు. నేను స్తంభం ఎక్కితే మాత్రం లోపలికి పోతుంది. ఆ గల్లీలో ఆమె తిట్టని మనిషిని నేనొక్కణ్ణే.

ఈ జూన్‌లో కూడా వాన పడింది. నిన్న మధ్యాహ్నం పైకెక్కి చూశాను. చింతచెట్టు దట్టంగా చిగిర్చింది, మొండెం పక్క నుంచి రెండు కొత్త కొమ్మలు గల్లీ మీదికి వచ్చాయి. గూడు లేదు. కింద వాకిట్లో, సరిగ్గా చెట్టు కింద, అవ్వ తాడు కట్టి బట్టలు ఆరేసింది. తెల్ల చీర గాలికి కదులుతోంది. దాని మీద ఒక్క మరక లేదు.